గుర్రం మేసిన జొన్నచేను

గురజాల నుంచి మాచర్లకు పోయే దారి వదిలి నాలుగు మైళ్ళు లోపలికి నడిస్తే నాపరాళ్లపాడు. ఆ ఊరి పశువుల ఆస్పత్రిలో కృపాదానం అటెండరు. నేల ఊడవడం, సీసాలు కడగడం, గొడ్డు తన్నకుండా పట్టుకోవడం అతని పని అని సర్కారు కాగితంలో ఉంది. కాగితంలో ఉన్నదొకటి, జరిగేది ఇంకొకటి. డాక్టరుగారి కాపురం నరసరావుపేటలో. ఆయన మంగళవారం, శుక్రవారం వచ్చి పోయేవారు, అదీ బస్సు దొరికితే. మిగతా అయిదు రోజులూ గొడ్లు డాక్టరుగారి కోసం జబ్బు పడకుండా ఆగుతాయా? అడ్డం తిరిగిన దూడను లాగాలన్నా, ఉబ్బిపోయిన పొట్టలోంచి గాలి తియ్యాలన్నా కృపాదానమే దిక్కు. పనంతా చేయించుకుని, తీరా పోయేటప్పుడు మాత్రం "శుక్రవారం డాక్టరుగారికి ఒకసారి చూపిస్తాంలే" అని పోయేవాళ్ళు. భుజం దాకా గొడ్డు కడుపులో పెట్టిన చెయ్యి కడుక్కోవడానికి దూరం నుంచి నీళ్ళు ఎత్తి పోసేవాళ్ళే తప్ప చెంబు చేతికి ఇచ్చినవాళ్ళు లేరు. పందొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి. అతనూ దాన్ని పట్టించుకోవడం మానేశాడు.

అతనికి పట్టింది వేరే పిచ్చి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఉన్న ముసలి డాక్టరుగారు ఒక చచ్చిన ఆవును కోయించి, పొట్ట లోపల ఏముందో దగ్గర కూర్చోబెట్టుకుని చూపించారు. కడుపు ఒకటి కాదు, నాలుగు. మొదటిది అన్నిటికన్నా పెద్దది. గొడ్డు గబగబా మింగిన మేతంతా అందులోనే నానుతుంది. తర్వాత నీడన పడుకుని ఆ ముద్దలనే మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నెమరేస్తుంది. దాన్ని ఆనుకుని రెండోది, లోపలంతా తేనెతుట్టెలా గదులు గదులు. మేతతో పాటు మింగిన మేకులూ తీగముక్కలూ అక్కడే చిక్కుకుంటాయి. మూడోది పుస్తకంలా పొరలు పొరలు. నాలుగోదొక్కటే మనిషి కడుపులాంటిది, పులుపు ఊరి అరిగించేది. దూడ తాగిన పాలు ముందున్న మూడింటిలోకీ పోకుండా తిన్నగా ఆ నాలుగోదాంట్లోకే పోతాయని ముసలాయన చెబితే, కృపాదానం ఆ పూట అన్నం కూడా మర్చిపోయి ఆ ఆవు పక్కనే కూర్చున్నాడు.

ఆనాటి నుంచి ఊళ్ళో ఏది చచ్చినా అతని కత్తికి పని పడాల్సిందే. కోడిని కోస్తే కందనకాయ చీల్చి, అందులోని రాళ్ళు అరచేతిలో పోసి "ఇవే దాని పళ్ళు" అని భార్య కరుణమ్మకు చూపించేవాడు. ఎవరో చంపి పారేసిన పాము కడుపులోంచి ఎలుకను చెక్కుచెదరకుండా బయటికి తీసి, నమలడమనే మాటే లేని జంతువు ఇదని వీధి వీధంతా చెప్పి వచ్చాడు. జట్కా అలీ సాహెబ్ పాత గుర్రం చచ్చినప్పుడు దాన్నీ కోశాడు. అంత ఒళ్ళున్న గుర్రానికి కడుపు ఒక్కటే, అదీ చిన్నది. వెనక పేగు మాత్రం గోనెసంచి అంత ఉంది. గుర్రం లద్దె విరిస్తే గడ్డిపోచలు పోచల్లాగే ఎందుకు కనపడతాయో, గేదె పేడ మెత్తగా ఎందుకు ఉంటుందో అతనికి ఆ రోజు తెలిసింది. గొడ్డు నోట్లో ముద్దను యాభై సార్లు దాటి నమిలితే దానికి ఏ రోగమూ లేదని, నలభైకి తగ్గితే లోపల ఏదో తేడా ఉందని అతని గురి. పెళ్ళికి పిలిచినా ముందు ఆ ఇంటి కొట్టం దగ్గర నిలబడి నెమరు ఎంచేవాడు.

"అన్నం ముందర కూర్చుని ఈ పేగుల గోలేంది నీకు" అని కరుణమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే వినేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్నది ఒక గేదె, దాన్ని ఆమె పేరు పెట్టి పిలవదు గానీ, అది అరిస్తే చేతిలో ముద్ద వదిలి లేచేది.

ఎనభై ఆరో సంవత్సరం వచ్చింది. దాని సంగతి ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ ఇష్టంగా చెప్పరు. అంతకుముందు రెండేళ్ళ నుంచీ వానలు లేవు. వాముల్లో గడ్డి అయిపోయింది. ఊరవతల కృపాదానం వాళ్ళుండే పాలెంలో జనం తుమ్మకాయలు ఏరి గేదెలకు పెట్టారు, తర్వాత ఇంటికప్పుల మీది పాత బోదగడ్డి పీకి పెట్టారు. ఊరి మొత్తానికి వరిగడ్డి వామి మిగిలింది ఒక్క నరసింహారావు దొడ్లో. ఎనభై ఎకరాల ఆసామి. గడ్డి ఇమ్మని అడగబోతే దొడ్డి తలుపు తీసేవాడు కాదు.

ఆయనకే ఊరి పడమట ఆరెకరాల జొన్నచేను ఉంది. కంకులు కోసుకున్నాక మోళ్ళు మిగిలాయి. వేసవి ఆఖర్న ఒక్క వాన పడితే ఆ మోళ్ళకు పిలకలు వచ్చాయి, మూరెడెత్తు లేచాయి. ఆ వాన మళ్ళీ మొహం చూపించలేదు. పిలకలు ఎండకు ముడుచుకుని, నల్లపచ్చగా అక్కడే ఆగిపోయాయి. చుట్టుపక్కల నాలుగు మైళ్ళలో కంటికి కనిపించే పచ్చదనం అదొక్కటే. నరసింహారావుకు ఆ చేను దున్ని పత్తి పెట్టాలని ఉంది. మోళ్ళు తీయించాలంటే కూలి ఇవ్వాలి. మహానుభావుడు ఒక ఉపాయం ఆలోచించాడు. పాలెం వాళ్ళను పిలిపించి, "పాపం గొడ్లు మాడుతున్నాయి గదా, మొదలంటా కోసుకుపోండి, ఊరికే ఇస్తున్నా" అన్నాడు. జనం దణ్ణాలు పెట్టారు.

కృపాదానం ఆ మాట విని చేతిలో చీపురు పారేసి పరుగెత్తుకుంటూ చేలోకి వచ్చాడు. అప్పటికే కొడవళ్ళు పట్టుకుని అంతా గట్టున నిలబడి ఉన్నారు.

"అయ్యా, వద్దు. ఇది నాము పిలక" అన్నాడు. ఎండకు గిడసబారిన జొన్న పిలకలో ఊరే విషాన్ని అక్కడ నాము అంటారు. రైతులకు ఆ మాట తెలియక కాదు. కానీ కరువులో తెలిసిన మాటలు కూడా చెవికెక్కవు.

"నామా? ఏదీ, ఎక్కడుంది?" అని నరసింహారావు ఒక పిలక తుంచి వాసన చూశాడు. "నీకు ఆస్పత్రిలో ఊడ్చే పని లేదంట్రా? సరే, చూద్దాం. అలీ సాహెబ్, నీ గుర్రాన్ని విప్పు."

అలీ సాహెబ్ జట్కాలో ఆసామిని తీసుకొచ్చినవాడు. బతుకంతా ఆ గుర్రం మీదే. కాదనాలని నోటిదాకా వచ్చింది గానీ, ఆసామి మొహం చూసి కళ్ళెం విప్పాడు. పిలకలు ఒక మోపు కోసి ముందర వేస్తే గుర్రం సగం తిన్నది. అందరూ గట్టున కూర్చుని దాని వంకే చూశారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. గుర్రం తోక విదిలించి, లద్దె వేసి, ఇంకా తినడానికి మూతి చాపింది.

జనం నవ్వారు. అంతసేపు బిగబట్టిన భయమంతా నవ్వై బయటికొచ్చింది.

"ఇప్పుడేమంటావురా?" అన్నాడు నరసింహారావు.

"గుర్రం పొట్ట వేరు, గేదె పొట్ట వేరయ్యా. గుర్రం తిన్నది నేరుగా పోయి పులుపులో పడతది, ఆ పులుపుకు విషం లేవదు. గేదె పెద్ద పొట్టలో పులుపుండదు. అది మేతను అక్కడ నానబెట్టుకుంటది. నానేకొద్దీ విషం ఊరి నెత్తుట్లో కలుస్తది. అరగంట చాలు."

"గుర్రం కడుపులోకి ఎప్పుడు పోయొచ్చావురా?"

మళ్ళీ నవ్వులు. నిజానికి పోయి వచ్చాడు, ముంజేతి దాకా పోయి వచ్చాడు. అలీ సాహెబ్ ఆ సంగతి ఎరుగును. అతను తల వంచుకుని గుర్రం మెడ నిమురుతూ ఉండిపోయాడు. కృపాదానానికి తల కొట్టేసినట్టయింది. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చేతులు పట్టుకుని చెప్పాడు. "శుక్రవారం డాక్టరుగారు వచ్చేదాకా ఆగండి, ఆయనే చెప్తాడు" అని బతిమాలాడు. ఆ ఒక్క మాటకు కొంచెం తగ్గారు. శుక్రవారం అంటే మర్నాడే.

శుక్రవారం డాక్టరుగారు రాలేదు. నరసరావుపేటలో ఏదో గృహప్రవేశం అని తర్వాత తెలిసింది.

పొద్దున బస్సు ఆయన్ను దించకుండా పోవడం చూడగానే కృపాదానం ఆస్పత్రి బీరువా తీశాడు. టింక్చరు సీసా, పారుడు మందు పొడి, అంతే. నాముకు ముసలి డాక్టరుగారు చెప్పిన మందు ఒకటి అతనికి గుర్తుంది. ఫోటోలు కడగడానికి వాడే హైపో. నీళ్ళలో కలిపి, గొడ్డు ఇంకా కాళ్ళ మీద ఉండగా తాగిస్తే విషం విరుగుతుంది. అతను కరుణమ్మతో "ఎవరేం చేసినా సరే, మన గేదెకు ఆ పిలక పెట్టమాక" అని చెప్పి, సైకిలెక్కి గురజాల పోయాడు. అక్కడ సుభానీది ఫోటో స్టూడియో.

"ఏందన్నా, నువ్వు గూడా స్టూడియో పెడతన్నావా?" అని సుభానీ నవ్వాడు. సంగతి విన్నాక నవ్వు ఆపి, డబ్బాలో ఉన్నదంతా ఊడ్చి పొట్లం కట్టాడు. నాలుగు గేదెలకు సరిపోతుంది, అయిదో దానికి లేదు. పిడుగురాళ్లలో ఇంకో స్టూడియో ఉంది గానీ అంత దూరం పోయి రావడానికి టైము లేదనిపించి కృపాదానం వెనక్కి తిరిగాడు.

అతను పాలెం చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. వీధి మొగలోనే ఒక గేదె కాళ్ళు బిగదన్ని పడి ఉంది. నోటి నిండా నురగ. డాక్టరు రాకపోవడం చూసి, నిన్న తిన్న గుర్రం ఇవాళ కూడా బండి లాగుతోందని చూసి, పొద్దున పదింటికల్లా అంతా కొడవళ్ళు పట్టుకుని పోయారట. పాలెంలో పదకొండు గేదెలు. ఆరు అప్పటికే పడిపోయాయి. అయిదు నిలబడి ఉన్నాయి, ఒళ్ళంతా వణుకుతూ, ఊపిరి అందక నోళ్ళు తెరుచుకుని.

ఆ అయిదింటిలో ఒకటి కృపాదానం గేదె.

కరుణమ్మ పలుపు పట్టుకుని నిలబడి ఉంది. మొగుడి మొహంలోకి చూడలేదు. "రెండు రోజుల్నించీ దానికి ఏమీ లేదయ్యా. అది నా వంక చూసి అరిచింది. గుర్రం బాగుంది గదా అనుకున్నా" అంది. పందొమ్మిదేళ్ళు కడుపుల సంగతులు విన్న మనిషి. అయినా వాటిని ఏనాడూ కళ్ళతో చూడలేదు, గుర్రాన్ని చూసింది.

కృపాదానం హైపో కలిపాడు. వెదురు గొట్టం గొడ్డు నోట్లో పెట్టి, తల పైకెత్తించి తాగించాడు. మొదటిదానికి, రెండోదానికి, మూడోదానికి. ఇక ఒక్కదానికి సరిపడా ఉంది. ఇటు కరుణమ్మ చేతిలో తన గేదె, అటు రూతమ్మ చేతిలో ఆమె గేదె. రూతమ్మ మొగుడు పిడుగురాళ్ల సున్నపు బట్టీలో దగ్గి దగ్గి చచ్చిపోయి నాలుగేళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. ఆ గేదె పాలు అమ్మితేనే వాళ్ళకు సంకటి.

రూతమ్మ అడిగే ముఖం లేక పలుపు పట్టుకుని అలా నిలబడింది.

"మనదీ ఉందయ్యా" అంది కరుణమ్మ, మెల్లగా.

"మనకు నెల తిరిగేసరికి జీతం వస్తది. ఆమెకేం వస్తదే?" అన్నాడు కృపాదానం. గొట్టం రూతమ్మ గేదె నోట్లో పెట్టాడు.

అతను వెనక్కి తిరిగి చూసేసరికి వాళ్ళ గేదె ముందుకాళ్ళ మీద కూలింది. కరుణమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుంది. ప్రాణం పోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

సాయంత్రానికి మందు తాగిన నాలుగూ తేరుకుని మూతులు నాక్కున్నాయి. తాగనివి ఏడూ చచ్చాయి. కృపాదానం కత్తి తీసి తన గేదె పొట్టే కోశాడు. "దాన్ని గూడా కోస్తావా?" అని కరుణమ్మ గోడకు తల కొట్టుకుంది. "చూపించాలే. రేపు ఎవడన్నా అడిగితే చూపించాల" అన్నాడు. పెద్ద పొట్ట నిండా నలగని జొన్న పిలకలు, నెత్తురు కుంకుమలా ఎర్రగా, నాము తగిలిందనడానికి అదే గుర్తు. రండి, చూడండి అని ఇంటింటికీ పోయి పిలిచాడు. చచ్చిన గొడ్డును పెట్టుకుని ఏడ్చేవాళ్ళు ఎవరొస్తారు? అలీ సాహెబ్ ఒక్కడే వచ్చి, చూసి, "నిన్న నోరు విప్పితే బాగుండేది నేను" అని కళ్ళు తుడుచుకుని పోయాడు.

ఊళ్ళో మాట పుట్టడానికి రెండు రోజులు పట్టింది. ఏడు గేదెలు చచ్చాయంటే కలెక్టరు దాకా పోతుంది, విషపు మేత ఎవడిచ్చాడని అడుగుతారు. ఆ మాట ఆసామి చెవిన పడింది. ఇంకేముంది, గేదెలు చచ్చింది జొన్నకు కాదు, అటెండరు పోసిన ఫోటో మందుకు అని దొడ్డి దగ్గర తీర్మానం అయింది. తాగినవి బతికాయి, తాగనివి చచ్చాయి, ఆ సంగతి పాలెంలో పసిపిల్లలకు కూడా తెలుసు. కాగితంలో అది తిరగేసి రాశారు. డాక్టరు లేనప్పుడు అటెండరు సొంత వైద్యం చేసి ఏడు గేదెలను చంపాడని రాసి, వేలిముద్రలకు పాలెం పంపించారు.

అదే రోజు నరసింహారావు దొడ్డి తలుపు తెరిచాడు. వేలు వేసినవాళ్ళకు ఇంటికి రెండు మోపుల వరిగడ్డి.

మంగళవారం డాక్టరుగారు వచ్చారు. కృపాదానాన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. "నువ్విచ్చింది కరెక్టు మందే. నేనున్నా అదే ఇచ్చేవాణ్ణి" అన్నారు. తర్వాత కిటికీ వంక చూస్తూ, "కానీ శుక్రవారం నేను ఎక్కడున్నానని పైఆఫీసు వాళ్ళు అడిగితే నా దగ్గర జవాబు లేదు. నీ మీద రాయక తప్పలేదు" అన్నారు. అంత చదువుకున్న మనిషి, అంత తేలిగ్గా అన్నారు. కృపాదానానికి ఒళ్ళు మండింది. అయినా పందొమ్మిదేళ్ళ అలవాటు, నోటికి "సరేనండి" అనే మాటే వచ్చింది.

మర్నాడు పొద్దున రూతమ్మ చెంబులో పాలు తెచ్చింది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది. కరుణమ్మ చెంబు అందుకోలేదు. రూతమ్మే దాన్ని అరుగు మీద పెట్టింది, పెట్టేటప్పుడు కొంగు జారింది. బొటనవేలికి ఇంకా నీలం సిరా ఉంది.

"ఏశానన్నా" అంది. దాచలేదు, ఏడవలేదు. "గొడ్డు చచ్చినోళ్ళకు గడ్డితో పనేముందన్నా? వాళ్ళు భయానికి ఏశారు. నాది బతికింది. నువ్వే బతికించావు. బతికినదానికి మేత కావాల గదా. ఊళ్ళో గడ్డి ఆయన దగ్గరే ఉంది."

కరుణమ్మ ఏదో అనబోయింది. కృపాదానం చెయ్యి ఎత్తి ఆపాడు.

"నెమరేస్తందా?" అని అడిగాడు.

"ఏస్తంది."

"అయితే ఇంకేం భయంలేదు" అన్నాడు. రూతమ్మ చెంబు అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆ పాలు సాయంత్రానికి విరిగిపోయాయి. ఎవరూ ముట్టుకోలేదు.

వారం తిరక్కుండానే సస్పెన్షను కాగితం వచ్చింది. విచారణ అన్నారు. ఆ విచారణ ఎప్పుడు అవుతుందో రాసి లేదు. నరసరావుపేట ఆఫీసు చుట్టూ అతను తర్వాత నాలుగేళ్ళు తిరిగాడు, చివరికి పిడుగురాళ్ల క్వారీలో రాళ్ళు మోసి బతికాడు. నెల తిరిగేసరికి వచ్చే జీతం అనే మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ అనలేదు. అదంతా తర్వాతి సంగతి.

కాగితం వచ్చిన రోజు మాత్రం అతను ఆస్పత్రి తాళంచెవులు అప్పజెప్పడానికి బయల్దేరాడు. దారిలో రూతమ్మ ఇల్లు. వేపచెట్టు కింద గేదె పడుకుని ఉంది, ముందర నరసింహారావు వరిగడ్డి. కృపాదానం ఆగాడు. అలవాటు కొద్దీ దాని దవడ వంక చూస్తూ లోపల్లోపల ఎంచాడు. గొంతులో ముద్ద పైకి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. యాభై దాటింది, యాభై ఎనిమిది దగ్గర మింగింది. ఇంకో ముద్ద వచ్చింది, అరవై. గేదెకు ఏ లోటూ లేదు, అతని వైద్యంలో ఏ తప్పూ లేదు. ఆ సంగతి కాగితం మీద రాసేవాళ్ళు ఎవరూ లేరు. అతను నడిచి వెళ్ళి, తాళంచెవులు డాక్టరుగారి బల్ల మీద పెట్టి వచ్చాడు.